కడుపుతో ఉన్నప్పుడు కరోనా వస్తే: నెల్లూరు, ఒంగోలు వైపు ఆడవాళ్ళు అడిగే ప్రశ్నలు

ప్రసూతి వార్డులో నర్సుగా నెల్లూరు వైపు కొన్నేళ్ళు, ఒంగోలు వైపు కొన్నేళ్ళు పనిచేశాను. రాష్ట్రంలో మొదటి కరోనా కేసు 2020 మార్చి 12న మా నెల్లూరులోనే బయటపడింది. ఇటలీ నుంచి వచ్చిన కుర్రాడికి. వారం తిరిగేసరికి ఒంగోలులో లండన్ నుంచి వచ్చిన ఇంకో కుర్రాడికి. అప్పటి నుంచి కడుపుతో ఉన్నవాళ్ళు, వాళ్ళ అమ్మలు, అత్తలు నన్ను అడుగుతూనే ఉన్నారు. అత్యవసర పరిస్థితి అయిపోయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న ప్రకటించింది కానీ, వైరస్ ఎక్కడికీ పోలేదు. 2025 మే, జూన్‌లో మళ్ళీ కేసులు కనబడగానే నా ఫోన్ మోగడం మొదలైంది. అందరూ ముందు బిడ్డ గురించే అడుగుతారు. కడుపులో బిడ్డకి గాలి అందేది తల్లి ఊపిరి నుంచే కాబట్టి, నేను మాత్రం తల్లి దగ్గర మొదలుపెడతాను.

కడుపుతో ఉన్నవాళ్ళకి కరోనా తొందరగా అంటుకుంటుందా?

లేదు. అందరికీ అంటుకున్నట్టే అంటుకుంటుంది. తేడా అంతా అంటుకున్న తర్వాతే.

మరి గర్భిణులకి ప్రమాదం ఎక్కువని ఎందుకంటారు?

ముందు ధైర్యం చెప్పే మాట: కరోనా వచ్చిన గర్భిణుల్లో ఎక్కువ మందికి జలుబు, గొంతునొప్పి, రెండు మూడు రోజుల జ్వరంతో పోతుంది. అయితే అదే వయసులో ఉండి, కడుపుతో లేని ఆడవాళ్ళతో పోలిస్తే ఐసీయూ దాకా, వెంటిలేటర్ దాకా వెళ్ళే అవకాశం గర్భిణికి ఎక్కువ. చాలా దేశాల్లో లెక్కలు చూసి తేల్చిన విషయం ఇది.

కారణం ఒంట్లోనే ఉంది. నెలలు నిండేకొద్దీ గర్భసంచి పైకి పెరిగి, ఊపిరితిత్తుల కింద ఉండే పొరని దాదాపు 4 సెంటీమీటర్లు పైకి నెడుతుంది. ఊపిరి వదిలాక కూడా ఊపిరితిత్తుల్లో కొంత గాలి నిల్వ ఉంటుంది. ఆ నిల్వ సుమారు 20 శాతం తగ్గిపోతుంది. ఖర్చు చూస్తే అటు పెరుగుతుంది, ఇద్దరికి కావాలి కదా. నిల్వ తక్కువ, వాడకం ఎక్కువ. అందుకే న్యుమోనియా వచ్చిందంటే గర్భిణికి ఆక్సిజన్ మిగతావాళ్ళ కంటే వేగంగా పడిపోతుంది. పొద్దున బాగానే మాట్లాడిన మనిషి సాయంత్రానికి మాట పూర్తిచేయలేక ఆగి ఆగి ఊపిరి తీసుకోవడం నేను చూశాను.

దీనికి తోడు గర్భంతో ఉన్నప్పుడు రక్తానికి గడ్డకట్టే గుణం మామూలుగానే ఎక్కువ. కరోనా దాన్ని ఇంకా పెంచుతుంది. 35 ఏళ్ళు దాటినవాళ్ళు, బాగా బరువున్నవాళ్ళు, బీపీ, షుగర్, ఉబ్బసం ఉన్నవాళ్ళు, చివరి మూడు నెలల్లో ఉన్నవాళ్ళు మరింత జాగ్రత్తగా ఉండాలి.

రెండో వేవ్‌లో గర్భిణులు ఎక్కువ మంది పోయారంటారు, నిజమేనా?

నిజమే. ముంబయిలో చికిత్స పొందిన 1,530 మంది గర్భిణులు, బాలింతల వివరాలతో భారత వైద్య పరిశోధన మండలి 2021 జూన్‌లో లెక్కలు బయటపెట్టింది. లక్షణాలు కనబడినవాళ్ళు మొదటి వేవ్‌లో 14.2 శాతమైతే, రెండో వేవ్‌లో 28.7 శాతం. మరణాలు 0.7 శాతం నుంచి 5.7 శాతానికి పెరిగాయి. ఇవి ఆసుపత్రిలో చేరినవాళ్ళ లెక్కలు, ఊళ్ళో కరోనా వచ్చిన ప్రతి గర్భిణికీ ఇవే వర్తించవు. అప్పుడు డెల్టా రకం తిరుగుతోంది, గర్భిణులకి ఇంకా టీకా మొదలే కాలేదు. ఇప్పుడున్న ఒమిక్రాన్ సంతతి రకాలు అంత ఉధృతంగా లేవు. 2021 వేసవిని తలుచుకుని ఈరోజు వణకాల్సిన పనిలేదు, అలాగని మామూలు జలుబే అని కొట్టిపారేయనూ కూడదు.

తల్లి నుంచి కడుపులో బిడ్డకి సోకుతుందా?

అరుదుగా. కరోనా ఉన్న తల్లులకి పుట్టిన బిడ్డల్లో పాజిటివ్ వచ్చినవాళ్ళు నూటికి ఇద్దరి లోపే. వాళ్ళలోనూ కొందరికి పుట్టాకే అంటుకుంది. మాయ చాలావరకు వైరస్‌ని అడ్డుకుంటుంది.

బిడ్డకి సోకకపోతే ఇక భయం దేనికి?

అందరూ తప్పుగా అర్థం చేసుకునేది ఇక్కడే. బిడ్డకి వైరస్ సోకకపోయినా తల్లి జబ్బు దెబ్బ బిడ్డకి తగులుతుంది.

మొదటిది, నెలలు నిండకుండా కాన్పు కావడం. కొన్నిసార్లు నొప్పులు వాటంతటవే వస్తాయి, కొన్నిసార్లు తల్లి ఊపిరి నిలబెట్టడానికి డాక్టర్లే ముందుగా కాన్పు చేయాల్సి వస్తుంది. రెండోది బీపీ. 18 దేశాల్లో జరిగి 2021లో అచ్చయిన ఒక పెద్ద అధ్యయనంలో, కరోనా వచ్చిన గర్భిణుల్లో ప్రీఎక్లాంప్సియా, అంటే గర్భంతో ఉన్నప్పుడు బీపీ ప్రమాదకరంగా పెరిగే జబ్బు, మిగతావారి కంటే ముప్పావు వంతు ఎక్కువగా కనిపించింది. మన పెద్దవాళ్ళు గుర్రపు వాతం అంటారే, ఫిట్స్ రావడం, దానికి ముందు మెట్టు ఇదే. మూడోది, కడుపులోనే బిడ్డ పోవడం. అమెరికాలో 12 లక్షలకు పైగా కాన్పులు పరిశీలించారు. డెల్టా కాలంలో కరోనా లేని తల్లుల్లో ఇలా జరిగింది నూటికి ఒకటి కంటే తక్కువ, కాన్పు సమయానికి కరోనా ఉన్నవాళ్ళలో 2.7 శాతం. వైరస్ ఒక్కోసారి మాయని దెబ్బతీసి రక్తం సరిగా అందకుండా చేస్తుందని ఆ మాయలని పరీక్షించినప్పుడు తేలింది.

టీకా వేసుకున్నవాళ్ళకి, స్వల్పంగా వచ్చి తగ్గినవాళ్ళకి ఈ ప్రమాదాలు బాగా తక్కువ.

మా అమ్మాయికి మూడో నెలలో కరోనా వచ్చింది. బిడ్డ అవకరంతో పుడుతుందేమో, తీయించేయమంటున్నారు. ఏం చేయాలి?

తీయించొద్దు. కరోనా వచ్చింది కాబట్టి గర్భం తీసేయాలని ఏ వైద్య మార్గదర్శకమూ చెప్పలేదు. పుట్టుకతో వచ్చే అవకరాలు దీనివల్ల పెరిగినట్టు ఆధారాలు లేవు. మొదటి మూడు నెలల్లో ఏ కారణంగానైనా జ్వరం బాగా ఎక్కువై అలాగే ఉండిపోతే మంచిది కాదు. అందుకే జ్వరాన్ని ఓర్చుకుంటూ కూర్చోకుండా మాత్ర వేసి తగ్గించాలి. ఎలాగూ 18 నుంచి 20 వారాల మధ్య బిడ్డ అవయవాలన్నీ చూసే టిఫా స్కాన్ చేస్తారు. అది మానకండి, చాలు.

ఆక్సీమీటర్‌లో 94 చూపిస్తోంది. పర్వాలేదా?

పక్కింటాయనకి పర్వాలేదేమో, మీకు కాదు. గర్భిణికి 95 లేదా ఆపైన ఉండాలి. కూర్చుని, చెయ్యి వెచ్చగా రుద్దుకుని, పావుగంట ఆగి మళ్ళీ చూడండి. రెండోసారి కూడా 94 లేదా అంతకంటే తక్కువ ఉంటే ఇంట్లో ఉండకండి.

వేలి మీద నెయిల్ పాలిష్ ఉన్నా, సీమంతానికి పెట్టుకున్న గోరింటాకు నల్లగా పండినా అంకె తప్పుగా రావచ్చు. ఒకమ్మాయికి 88 చూపిస్తోందని ఇంటిల్లిపాదీ ఏడుస్తూ వచ్చారు. గోరింటాకు లేని వేలికి పెడితే 98.

దీనికి తలకిందులైన సంగతి ఇంకొకటుంది, ఎవరూ పట్టించుకోరు. రక్తం తక్కువగా ఉన్నవాళ్ళకి ఆక్సీమీటర్ మంచి అంకే చూపిస్తుంది. రక్తంలో ఉన్న హిమోగ్లోబిన్‌కి ఎంత శాతం ఆక్సిజన్ అంటుకుందో మాత్రమే అది చెబుతుంది, అసలు హిమోగ్లోబిన్ ఎంతుందో చెప్పదు. గర్భిణికి హిమోగ్లోబిన్ 11 గ్రాముల కంటే తగ్గితే రక్తహీనత, 7 కంటే తగ్గితే తీవ్రం. ఏడు గ్రాములున్న మనిషి 98 చూసుకుని నిశ్చింతగా ఉంటే మోసపోతుంది. మన దగ్గర ఐరన్ మాత్రలు నల్లగా విరేచనం అవుతుందని పారేసేవాళ్ళు బోలెడంతమంది. దయచేసి వేసుకోండి.

ఆసుపత్రికి ఎప్పుడు పరిగెత్తాలి?

కూర్చున్నా ఆయాసం, గుండెలో బరువు, పెదాలు నీలంగా మారడం, మత్తుగా పడి ఉండడం, మూడు రోజులైనా దిగని జ్వరం, ఒక కాలు మాత్రమే వాచి నొప్పి పెట్టడం. వీటిలో ఏది కనిపించినా ఆగొద్దు. తలనొప్పి తగ్గకుండా ఉండి కళ్ళు బైర్లు కమ్మినా, పొట్ట పైభాగంలో నొప్పి వచ్చినా, బీపీ 140/90 దాటినా అంతే.

ఏడో నెల దాటాక బిడ్డ కదలికలు తగ్గినట్టు అనిపిస్తే ఏదైనా తిని, ఎడమ పక్కకి తిరిగి పడుకుని లెక్కపెట్టండి. రెండు గంటల్లో పది కదలికలు రావాలి. రాకపోతే రేపటిదాకా చూడొద్దు. అసలు కదలడమే లేదనిపిస్తే లెక్కపెడుతూ కూర్చోకుండా వెంటనే బయల్దేరండి.

ఉదయగిరి నుంచి నెల్లూరుకి, గిద్దలూరు నుంచి ఒంగోలుకి రావాలంటే గంటల ప్రయాణం. అలాంటి ఊళ్ళవాళ్ళు "ఇంకాస్త చూద్దాం" అనుకునే టైమ్‌ని సగానికి తగ్గించుకోవాలి. ముందు దగ్గర్లోని సామాజిక ఆరోగ్య కేంద్రానికి వెళ్తే ఆక్సిజన్ పెట్టి 108లో పంపిస్తారు. కారు మాట్లాడుకుని నేరుగా టౌనుకి వచ్చేద్దామనుకుంటే దారిలో ఆక్సిజన్ ఉండదు.

ఏ మందులు వాడొచ్చు?

జ్వరానికి, ఒళ్ళునొప్పులకి పారాసిటమాల్. ఆరు గంటల ఎడంతో, రోజుకి నాలుగుసార్లకి మించకుండా. మెడికల్ షాపులో డోలో అని అడిగేది ఇదే. నీళ్ళు, మజ్జిగ, కొబ్బరినీళ్ళు బాగా తాగాలి. మన రోహిణి కార్తె ఎండల్లో జ్వరంతో ఒంట్లో నీరు తగ్గితే అదే ఇంకో జబ్బవుతుంది. మామూలుగా వాడుతున్న బీపీ, షుగర్, థైరాయిడ్, ఐరన్ మందులు ఆపకూడదు.

వద్దన్నవాటి గురించే ఎక్కువ చెప్పాలి. ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్తే నొప్పులకి డైక్లోఫెనాక్ సూది, దాంతో పాటు స్టెరాయిడ్ సూది వేసే అలవాటుంది. గంటలో హాయిగా ఉంటుంది కాబట్టి ఆయన చెయ్యి మంచిదని పేరు. 20 వారాలు దాటిన గర్భిణికి డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి బిడ్డ కిడ్నీల మీద పనిచేసి ఉమ్మనీరు తగ్గిస్తాయి. నెలలు నిండేకొద్దీ బిడ్డ గుండె దగ్గర తెరిచి ఉండాల్సిన రక్తనాళాన్ని ముందే మూసేయొచ్చు. స్టెరాయిడ్ ఆక్సిజన్ అవసరమైనవాళ్ళకి ప్రాణం నిలబెట్టే మందు, అవసరం లేనివాళ్ళకి షుగర్ పెంచే మందు. అది డాక్టర్ చేతిలోనే ఉండాలి.

2020, 2021లో కరోనాకి విరివిగా రాసిన ఫావిపిరావిర్ మాత్రలు గర్భిణులకి నిషిద్ధం, బిడ్డకి హాని చేస్తుంది. మోల్నుపిరావిర్ కూడా వద్దు. పాత చీటీ పట్టుకుని అవే మందులు కొనకండి. ఆసుపత్రిలో అవసరాన్ని బట్టి వైరస్ మీద పనిచేసే రెమ్డెసివిర్, రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ సూదులు ఇస్తారు. వాటికి భయపడనక్కర్లేదు.

కృష్ణపట్నం ఆనందయ్య మందు కడుపుతో ఉన్నవాళ్ళు తీసుకోవచ్చా?

ఈ ప్రశ్న మన జిల్లాలోనే పుట్టింది కాబట్టి దాటవేయను. కరోనాకని ఆనందయ్య ఇచ్చిన నాటు మందు కోసం 2021 మేలో ముత్తుకూరు రోడ్డు మీద జనం ఎలా బారులు తీరారో చూసినవాళ్ళకి తెలుసు. ప్రభుత్వం ఆపి, పరిశీలన చేయించి, ఆ నెలాఖరులో కంట్లో వేసే చుక్కలు తప్ప మిగతావాటికి అనుమతిచ్చింది. హాని కనబడలేదనడం వేరు, కరోనా తగ్గిస్తుందని రుజువు కావడం వేరు. ఆ రెండోది జరగలేదు. గర్భిణుల మీద పరీక్షించిందైతే అసలే లేదు. అందులో వాడే దినుసుల్లో తెల్ల జిల్లేడు పూలు ఉన్నాయని అప్పట్లో పేపర్లన్నీ రాశాయి. జిల్లేడుని నాటువైద్యంలో గర్భం పోగొట్టడానికి వాడారని మన ముసలమ్మలకి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆయన మంచితనాన్ని నేను తప్పుపట్టడం లేదు. కడుపుతో ఉన్నవాళ్ళకి మాత్రం వద్దంటాను.

ఆవిరి పట్టడం, కషాయం?

ముక్కు దిబ్బడకి ఆవిరి హాయిగా ఉంటుంది, వైరస్‌ని చంపదు. మరిగే నీళ్ళ గిన్నె పొట్ట మీద ఒలికి కాలినవాళ్ళని చూశాను, ఆ జాగ్రత్త ముఖ్యం. అల్లం, మిరియాలు వంటలో వేసుకున్నంత అయితే సరే. అతిమధురం వద్దు, బీపీ పెంచుతుంది.

ఎక్స్‌రే, సీటీ స్కాన్ బిడ్డకి ప్రమాదమా?

ఛాతీ ఎక్స్‌రేలో బిడ్డకి తగిలేది లెక్కలోకి రానంత తక్కువ. సీటీలోనూ హాని చేసేంత ఉండదు. డాక్టర్ అవసరమన్నప్పుడు తీయించుకోండి. ముక్కు కారుతోందని సొంతంగా వెళ్ళి తీయించుకోవద్దు.

కరోనా ఉంటే సిజేరియనే చేస్తారా?

కరోనా ఒక్కటే సిజేరియన్‌కి కారణం కాదు. మామూలు కాన్పు చేయొచ్చు, చేశాం కూడా. తల్లికి ఊపిరి అందకపోతేనో, బిడ్డ గుండె చప్పుడు తగ్గితేనో ఆపరేషన్.

2021లో నొప్పులతో వచ్చిన ఒక మనిషిని, పరీక్ష రిపోర్టు రాలేదని ఒక ఆసుపత్రివాళ్ళు గేటు దగ్గర్నుంచే పంపేశారు. మా దగ్గరికొచ్చేసరికి ఆటోలోనే కాన్పయింది. తల్లీబిడ్డా బతికారు, అయినా ఆ కోపం నాకింకా పోలేదు. రిపోర్టు లేదని కాన్పు ఆపడానికి ఎవరికీ హక్కు లేదు. అలా అంటే 108కి ఫోన్ చేసి, ఏ ఆసుపత్రి, ఏ టైమ్ అని రాసిపెట్టుకోండి.

సీమంతం చేసి పుట్టింటికి పంపొచ్చా?

కేసులు ఉన్న రోజుల్లో సీమంతం ఇంట్లోవాళ్ళతో కానిచ్చేయండి. దగ్గే చుట్టాన్ని పిలవకపోతే వచ్చే నష్టం చిన్నదే. అసలు ఇబ్బంది పుట్టింటికి వెళ్ళాక మొదలవుతుంది. కందుకూరులో చూపించుకున్న పిల్ల కనిగిరి వెళ్తే మధ్యలో నెలన్నర చెకప్ ఉండదు. కరోనా రోజుల్లో వైరస్ కంటే ఈ తప్పిపోయిన చెకప్‌లే చాలామందిని దెబ్బతీశాయని నా అభిప్రాయం. తల్లీబిడ్డల రక్షణ కార్డు సంచిలో పెట్టుకుని వెళ్ళండి, అక్కడి సచివాలయం ఏఎన్‌ఎంకి గానీ, ఆశా కార్యకర్తకి గానీ మొదటి వారంలోనే చూపించండి. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకి ఉచితంగా డాక్టర్ చూస్తారు.

పాజిటివ్ వచ్చిన బాలింత ముర్రుపాలు పట్టొచ్చా? బిడ్డని వేరుగా ఉంచాలా?

పట్టాలి. పాలలో సోకే వైరస్ ఉన్నట్టు తేలలేదు. జబ్బుతో పోరాడే యాంటీబాడీలు మాత్రం ఆ పాలలోనే బిడ్డకి వెళ్తాయి. మొదట్లో భయంతో చాలాచోట్ల బిడ్డని పక్క గదికి తీసుకుపోయి డబ్బా పాలు పట్టారు. నేనూ అలా తీసుకెళ్ళినదాన్నే. తల్లి తలుపు వైపే చూస్తూ ఉండేది, రెండో రోజుకి రొమ్ములు గట్టిపడి జ్వరం ఎక్కువయ్యేది. తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పినదాని ప్రకారం తల్లి పక్కనే ఉంచడం మొదలుపెట్టాం.

చేయాల్సిందల్లా చేతులు సబ్బుతో కడుక్కోవడం, పాలిచ్చేటప్పుడు మాస్క్ పెట్టుకోవడం, బిడ్డ మొహం మీద దగ్గకుండా, ముద్దు పెట్టకుండా ఉండడం. పాలు తాగాక ఉయ్యాలని కొంచెం దూరంగా జరపొచ్చు. బిడ్డకి మాస్క్ ఎప్పుడూ కట్టకూడదు, ఊపిరాడదు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డని తల్లి గుండెల మీద కంగారూలా ఉంచడం కరోనా ఉన్నా మానొద్దు. తల్లికి లేవలేనంత నీరసంగా ఉంటే పాలు పిండి శుభ్రమైన ఉగ్గుగిన్నెతో పట్టించండి.

బాలింత గదిలో సాంబ్రాణి పొగ మాత్రం వేయకండి. దగ్గుతో ఉన్న తల్లికీ, పచ్చి ఊపిరితిత్తుల బిడ్డకీ అది పనికిరాదు.

బిడ్డలో ఏం గమనించాలి?

పాలు తాగకపోవడం, నిమిషానికి 60 సార్లకి మించి ఊపిరి, డొక్కలు ఎగరేయడం, ఒళ్ళు చల్లబడడం, లేపినా లేవకపోవడం. మూడు నెలల లోపు బిడ్డకి 100.4 జ్వరం ఉందంటే కరోనా అయినా కాకపోయినా అదే రోజు ఆసుపత్రికి. పాజిటివ్ వచ్చిన పసిపిల్లల్లో ఎక్కువ మందికి ఏ ఇబ్బందీ రాలేదు.

టీకా వేయించుకుంటే గర్భం పోతుందని, పిల్లలు పుట్టరని అన్నారు...

రెండూ అబద్ధాలే. మన దేశంలో పాలిచ్చే తల్లులకి 2021 మేలో, గర్భిణులకి అదే ఏడాది జూలై 2న టీకా అనుమతించారు. ఆ తర్వాత ఎన్నో దేశాల్లో లక్షల మందిని గమనించినా గర్భస్రావాలు పెరగలేదు. గర్భంతో ఉన్నప్పుడు వేసుకుంటే యాంటీబాడీలు మాయ ద్వారా బిడ్డకీ చేరతాయి. ఎంఆర్ఎన్ఏ రకం టీకా వేసుకున్న అమెరికా తల్లుల ఆరు నెలల లోపు బిడ్డల్లో, కరోనాతో ఆసుపత్రిలో చేరడం 61 శాతం తగ్గినట్టు 2022లో లెక్క తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇప్పటికీ గర్భిణులని టీకా ముందు వరుసలోనే ఉంచింది. చివరి డోసు వేసుకుని ఎంతకాలమైందో మీ డాక్టర్‌కి చెప్పి అడగండి.

ఈ జ్వరం కరోనానా, డెంగీనా?

ఇంట్లో కూర్చుని ఎవరూ చెప్పలేరు. వానలు పడ్డాక మన దగ్గర డెంగీ, మలేరియా, టైఫాయిడ్ అన్నీ ఉంటాయి. గర్భిణికి డెంగీ కూడా ప్రమాదమే. అన్నిటికీ కలిపి పరీక్ష చేయించండి.

కరోనా తగ్గి కాన్పయింది. నెలలు గడిచినా నీరసం, ఏడుపు. ఇది మామూలేనా?

నీరసం, ఆయాసం, మతిమరుపు కొన్ని వారాలు, కొందరికి నెలలు ఉంటాయి. హిమోగ్లోబిన్, థైరాయిడ్ చూపించుకోండి. ఏడుపు రెండు వారాలు దాటి పోకపోతే, బిడ్డని ఎత్తుకోబుద్ధి కాకపోతే, చచ్చిపోవాలనిపిస్తే అది పొగరూ కాదు, దిష్టీ కాదు. కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్, దానికి మందుంది. బిడ్డకి పాలిస్తూనే వాడగలిగినవి ఉన్నాయి.

అర్ధరాత్రి ఏదైనా అయితే ఎవరికి ఫోన్ చేయాలి?

ప్రాణం మీదికి వస్తే 108. సలహాకి 104. కాన్పయ్యాక ప్రభుత్వాసుపత్రి నుంచి ఇంటికి చేర్చడానికి 102 తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ ఉంది. ఎనిమిదో నెల నుంచే ఒక సంచి సర్ది తలుపు దగ్గర పెట్టుకోండి: రక్షణ కార్డు, స్కాన్ కాగితాలు, ఆధార్, వాడుతున్న మందుల చీటీ, నాలుగు మాస్కులు, ఫోన్ ఛార్జర్, బిడ్డకి పాత మెత్తటి చీర ముక్కలు. ఛార్జర్ తప్పకుండా పెట్టండి. లోపల తల్లి, బయట చెట్టు కింద ఆమె మొగుడు, ఇద్దరి ఫోన్లూ ఆగిపోయి కబురు తెలియక అల్లాడినవాళ్ళు ఆ రెండేళ్ళలో చాలామంది.